చీటీ లేని గాజు గొట్టం

మేడమ్ పోయారన్న కబురు నాకు కెనడాలో, మార్కమ్ ఊళ్ళోని మా ఆఫీసు పార్కింగ్‌లో, కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది వాళ్ళమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, నేనెప్పుడు పలకరించినా ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. ఆ రోజు మాత్రం "అక్కా, అమ్మ పోయింది" అని తెలుగులో అంది. అలా అన్నాక నాకింకేం అనుమానం మిగల్లేదు. ముందు రోజు తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయారట. నాలుగు నెలలుగా జబ్బట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారట. అవన్నీ మళ్ళీ ఇంగ్లీషులో చెప్పి, చివర్లో ఒక మాట అడిగింది.

"బేస్‌మెంట్‌లో అమ్మ థింగ్ ఒకటుంది అక్కా. ఆ వాటర్ థింగ్. డాడ్ ఎవర్నీ టచ్ చేయనివ్వట్లేదు. నువ్వొచ్చి చూస్తావా, ప్లీజ్?"

వాళ్ళ ఇల్లు రిచ్‌మండ్ హిల్‌లో. మా ఆఫీసు నుంచి ట్రాఫిక్ లేకపోతే పావుగంట. తొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాయాలంటారు. మేడమ్ గురించి మంచి మాటలు రాయడం కష్టమేమీ కాదు, ఎన్నయినా ఉన్నాయి. నా గురించి రాయాల్సి రావడమే కష్టంగా ఉంది.

మేడమ్ అంటే ప్రొఫెసర్ అనుకునేరు. కాదు. నేను పీహెచ్‌డీ చేసిన యూనివర్సిటీలో, కిటికీలు లేని కింది అంతస్తులో మా ల్యాబ్ ఉండేది. ఆమె ఆ ల్యాబ్‌కి టెక్నీషియన్. కడప జిల్లావాళ్ళు. తిరుపతిలో జియాలజీ ఎమ్మెస్సీ చేశారు. పెళ్ళయి కెనడా వచ్చాక ఆ సర్టిఫికెట్‌ని ఎవరూ పట్టించుకోలేదు. కొన్నాళ్ళు వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలకు టేపులేసి, తర్వాత ఈ ల్యాబ్‌లో గాజుసామాను కడిగే పనికి అప్లై చేశారు. ఇరవై ఏళ్ళలో ఆ ల్యాబ్‌కి ఆమె లేకుండా పంపు కూడా తిరగని పరిస్థితి వచ్చింది. ప్రొఫెసర్ పేపర్లు రాసేవారు, మేం లెక్కలు కట్టేవాళ్ళం. గొట్టంలో నీళ్ళు సరిగ్గా పోతున్నాయా లేదా అన్నది మాత్రం మేడమ్ చెప్పాలి.

మా పనేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. నేల పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ లోపలంతా సందులే. ఇసుక రేణువుకీ రేణువుకీ మధ్య ఉన్న ఆ సందుల్లోంచి నీళ్ళు నడుస్తూనే ఉంటాయి. నడుస్తూ ఒకచోట కాస్త రాయిని కరిగించుకుంటాయి, ఇంకోచోట దాన్ని దింపేసి పోతాయి. రెండు రకాల నీళ్ళు కలిసిన చోట ఒక్కోసారి కొత్తగా రాయి పుడుతుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం కట్టడం మనందరం చూసిందే. అదే భూమి లోపల జరిగితే సందులు పూడుకుపోతాయి, నీళ్ళు దారి మార్చుకుంటాయి. పాత పెట్రోల్ బంకు కింద ఇంకిన విషం పక్కవాళ్ళ బావుల్లోకి పోకుండా అడ్డు కట్టాలన్నా, ఫ్యాక్టరీ పొగను నేల అడుగున రాయిగా మార్చి దాచాలన్నా, ఆ సందులు ఎలా పూడతాయో తెలియాలి. అందుకోసం మూరెడు పొడవు గాజు గొట్టంలో ఇసుక నింపి, అందులోకి నెలల తరబడి నీళ్ళు పంపిస్తూ కూర్చునేవాళ్ళం. దాన్ని మేం కాలమ్ అంటాం.

నేను కరీంనగర్ నుంచి జనవరిలో దిగాను. ల్యాబ్‌కి వెళ్ళిన మొదటి రోజు మేడమ్ నా మొహం కూడా చూడకుండా, చేతికి గ్లవ్స్ ఉన్నాయా లేవా చూశారు. తర్వాత "తిన్యావా పాపా?" అన్నారు. కెనడాలో దిగాక నన్ను ఎవరైనా తెలుగులో అడిగిన మొదటి మాట అదే. నేను తినలేదు. తిన్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు, టిఫిన్ డబ్బా తీసుకుని నన్ను కారిడార్‌లోకి నడిపించారు. ల్యాబ్‌లో నీళ్ళు కూడా తాగనిచ్చేవారు కాదు.

కాలమ్‌లో ఇసుక నింపడం రెండు నిమిషాల పని అనుకున్నాను. గొట్టం పట్టుకుని ఇసుక పోసేశాను. మేడమ్ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూపించారు. లోపల అక్కడక్కడ గాలి బుడగలు. మొత్తం తీయించారు. మళ్ళీ నింపాను, మళ్ళీ తీయించారు. మూడోసారికి నాకు ఏడుపొచ్చింది. అప్పుడు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని తాను చేసి చూపించారు. ముందు గొట్టంలో నీళ్ళు పోయాలి. ఆ నీళ్ళలోకి ఒక్కో చెంచా ఇసుక వదలాలి. అది కిందికి దిగి కుదురుకునేదాకా చెక్క గరిటె కాడతో గొట్టాన్ని చుట్టూ తట్టాలి. తర్వాత ఇంకో చెంచా. ఒక కాలమ్ నింపడానికి ఆమెకు పూట పట్టేది. ఆ చెంచా, ఆ గరిటె రెండూ ఆమె ఇంటినుంచి తెచ్చుకున్నవే. "నీళ్ళకు తొందర లేదు, ఇసుకకు తొందర లేదు, మధ్యలో నీకేంది పాపా?" అనేవారు. ఈ మాట తర్వాత నేను మా ఆఫీసులో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఎవరి మాటో చెప్పేదాన్ని కాదు.

నింపిన ఇసుకను ఒక్కసారి కూడా ఎండనివ్వకూడదని ఇంకో నియమం ఉండేది. నీళ్ళు అయిపోయి గాలి లోపలికి పోయిందంటే ఆ కాలమ్ ఇక పనికిరాదు. వీకెండ్‌కి ఎవరైనా నీళ్ళు నింపకుండా వెళ్ళిపోతే సోమవారం ఆమె మొహం చూడలేకపోయేవాళ్ళం. తిట్టేవారు కాదు. ఎండిన కాలమ్‌ను తెచ్చి మన టేబుల్ మీద పెట్టి వెళ్ళేవారు.

ఆమెకు చీటీల పిచ్చి. కాగితం టేపు చింపి, నల్ల మార్కర్‌తో రాసి, ల్యాబ్‌లో కనిపించిన ప్రతిదానికీ అంటించేవారు. అందరివీ అయితే ఇంగ్లీషులో, తనవైతే తెలుగులో. పని మొదలుపెట్టే ముందు గాజులు తీసి ఒక బీకరులో వేసేవారు. దాని మీద "గాజులు" అని చీటీ. చెంచా మీద "నాది". ఆమె కూర్చునే స్టూలుకి ఒక కాలు పొట్టి, దాని మీద "కుంటిది". నేను వచ్చిన రెండో వారానికే నా డ్రాయర్ మీద "పాప" అని చీటీ పడింది. ఆ రోజు నేను వాష్‌రూమ్‌లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఇల్లు వదిలి వచ్చిన ఇరవై మూడేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి.

ఇంత చీటీల మనిషి ఒక్కదానికి మాత్రం చీటీ పెట్టలేదు. అది ఆమె సొంత కాలమ్.

సింకు పక్కన మూలగా ఉండేది. పైన రెండు సీసాలు, రెండింటి నుంచీ రెండు సన్నటి ట్యూబులు, రెండు రకాల నీళ్ళూ పక్కపక్కనే ఒకే గొట్టంలోకి దిగేవి. అవి కలిసిన చోట ఇసుక మధ్యలో తెల్లటి చార ఒకటి మెల్లగా కట్టుకుంటూ వచ్చింది. నేను చేరేనాటికే అది నడుస్తోంది. ప్రొఫెసర్ ఏమనేవారంటే, ఇలా కట్టుకుంటూ పోతే ఏదో ఒకరోజు సందులన్నీ మూసుకుపోయి నీళ్ళు ఆగిపోతాయని. ఆయన లెక్కలు అలాగే చెప్పేవి. మేడమ్ ఒప్పుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి దగ్గర నాపరాతి గనుల్లో బండల మధ్య తెల్లరాయి కట్టిన పగుళ్ళు చూసేవారట. ఎంత గట్టిగా కట్టినా ఎక్కడో ఒకచోట చెమ్మ ఉండేదట. "నీళ్ళు తమ దారి తాము పూర్తిగా మూసుకోవు పాపా. సన్నదో చిన్నదో ఒక సందు ఉంచుకుంటాయి" అనేవారు. ప్రొఫెసర్ నవ్వి, సరే, నువ్వే నిరూపించు, గొట్టం కోసి లోపల చూద్దాం, నిజమైతే పేపర్ మీద నీ పేరే ముందు వేస్తాను అన్నారు.

ఇరవై ఏళ్ళలో ఆ ల్యాబ్ నుంచి వెళ్ళిన ప్రతి పేపర్ చివరా ఆమెకు థాంక్స్ చెప్తూ ఒక లైను ఉండేది. పైన రాసినవాళ్ళ పేర్లలో ఆమె పేరు ఎప్పుడూ రాలేదు. ఆ మాట ఆమె నాకు ఒక్కసారే చెప్పారు, గొట్టం వైపు చూస్తూ, నవ్వుతూనే. ఇది అయితే ఒక కాపీ కడపలో ఉన్న వాళ్ళన్నకు పంపాలన్నారు. ఎమ్మెస్సీ చదివి గాజుసామాను కడుగుతోందని ఆయన ఎప్పుడో అన్న మాట ఆమెకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పద్నాలుగు నెలలు నడిచింది ఆ కాలమ్. వచ్చే వారం కోద్దామనుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం. సోమవారం ఎవరో పెద్దవాళ్ళు ల్యాబ్ చూడటానికి వస్తున్నారు, కాస్త శుభ్రం చేయమని ప్రొఫెసర్ నాకు చెప్పారు. మేడమ్ పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. నేను మంచి పిల్లననిపించుకోవాలని తెగ ఆరాటంగా ఉన్న రోజులు. సింకు చుట్టూ ఉన్నవన్నీ తోమేశాను. మూలనున్న గొట్టం మిగిలింది. ఆ మధ్యాహ్నం సీసాలు మార్చడానికని మేడమే ట్యూబులు విప్పి, గొట్టం మూసే క్లాంపు బిగించి వెళ్ళారు. నాకది పక్కన పడేసిన పాత గొట్టంలా కనిపించింది. ఆమె ఆ మూల కూర్చుని పనిచేయడం చూశాను గానీ, నిజం చెప్పాలంటే అక్కడున్న నాలుగైదు గొట్టాల్లో ఆమెది ఏదో నేనెప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. చీటీ ఉన్నవి వేరేవాళ్ళవి, చీటీ లేనిది ఎవరిదీ కాదనుకున్నాను. లోపల తెల్లగా సున్నం పట్టి ఉంది.

మా ఇంట్లో బోరు నీళ్ళు. నీళ్ళు కాచే హీటర్ రాడ్‌కి నెల తిరిగేసరికి గోటి మందాన సున్నం పట్టేది. మా అమ్మ చింతపండు పులుసులో రాడ్‌ని నానబెట్టి తోమించేది నా చేత. ఆదివారం నా పని అదే. తెల్లగా పొర కడితే మాకు మురికి, పులుపు పోస్తే పోతుంది. భూగర్భజలాల మీద ఎంటెక్ చేసి విమానమెక్కి వచ్చినదాన్ని, తెల్లపొర కనపడగానే నా చదువంతా పక్కకు పోయి మా అమ్మ కూతుర్నై కూర్చున్నాను. అల్మారా తీసి పలచని యాసిడ్ సీసా అందుకున్నాను.

పోయగానే సుయ్‌మని నురుగొచ్చింది. సున్నం చకచకా వదిలిపోతుంటే నాకు సంతోషమేసింది. ఆ సంతోషం నాకిప్పటికీ గుర్తుంది, అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇంకాస్త పోశాను.

మేడమ్ తలుపు తీసుకుని వచ్చారు. చెంప ఒకవైపు మొద్దుబారి ఉంది, మాట సరిగా రావట్లేదు. నురుగు చూశారు. పరుగెత్తుకుని రాలేదు. మెల్లగా వచ్చి నా చేతిలోంచి సీసా తీసుకుని మూత పెట్టారు. గొట్టంలో అప్పటికి మామూలు ఇసుక, బుడగలు తప్ప ఏమీ లేవు. కుంటి స్టూలు మీద కూర్చుని చాలాసేపు దాని వైపే చూశారు.

"గలీజ్ ఉన్నదనుకున్న మేడమ్. మంచిగ కడుగుదామని" అన్నాను.

"చీటీ పెట్టల్యా నేను" అన్నారు. "అందరికీ తెలుసుగదా అనుకున్యా. నాదే తప్పు."

గాజులు బీకరులోంచి తీసి వేసుకున్నారు. ఒక గాజు వెయ్యడానికి చాలాసేపు పట్టింది. కోటు వేసుకుని బస్సుకి వెళ్ళిపోయారు.

ఇక్కడిదాకా తెలియక చేసిన తప్పు. మనిషన్నాక చేస్తారు. తర్వాతది తెలిసి చేసింది. సోమవారం వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ప్రొఫెసర్ గొట్టం చూసి ఏమైందని అడిగారు. మేడమ్ నా వైపు చూడకుండా, తానే గొట్టాలు కడిగే లైను వాల్వు పొరపాటున తిప్పానని, యాసిడ్ లోపలికి పోయిందని చెప్పారు. ప్రొఫెసర్ అయ్యో అన్నారు, దురదృష్టం అన్నారు. నేను రెండడుగుల దూరంలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నా స్కాలర్‌షిప్ ఆ ఏడాదే ప్రొఫెసర్ పొడిగించాలి. అది పోతే వీసా పోతుంది, ఇంటికి పోవాలి. ఇవన్నీ ఆ క్షణంలో నాకు తోచాయా, తర్వాత నేను అల్లుకున్నానా, ఇప్పుడు చెప్పలేను. నోరు తెరవలేదు, అంతే. ఆ రోజు తెరవని నోరు మర్నాడు తెరవడం ఇంకా కష్టమైంది. నెల తర్వాత అసలు కుదరలేదు.

మేడమ్ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నా కాలమ్‌లు నింపిపెట్టారు, నా థీసిస్‌లో బొమ్మలు సరిచేశారు, నాకు జ్వరమొస్తే మిరియాల చారు పంపారు. ఆమె మంచితనం నాకు పుండు మీద కారంలా ఉండేది. ఒక్కసారి తిడితే బాగుండుననుకునేదాన్ని. ఆమెకు తిట్టడం చేతకాదు. నేను వాళ్ళింటికి భోజనానికి వెళ్ళడం మానేశాను. ఏదో ఒక సాకు చెప్పేదాన్ని, ఆమె సరే అనేవారు.

చదువైపోయింది. నాకు మార్కమ్‌లో ఉద్యోగమొచ్చింది. పాత పెట్రోల్ బంకుల్లో బోర్లు వేసి, కింద నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పే కంపెనీ. మేడమ్ నేర్పిన పనితోనే తింటున్నాను. అదే ఏడు ఆమె రిటైరయ్యారు. వీడ్కోలు రోజు ప్రొఫెసర్ ఆమెను పొగిడారు, కేకు కోయించారు. బయటికి వస్తుంటే నా భుజం పట్టుకుని "ఇంటికి రా పాపా ఒకసారి. నీకొకటి చూపిచ్చాల" అన్నారు.

ఇంతకాలం ఆగి, ఉద్యోగం వదిలాక, ఇప్పుడు ఆ విషయం అడుగుతారనుకున్నాను. వస్తానన్నాను. వెళ్ళలేదు.

తర్వాత ఆరేళ్ళలో ఎన్నిసార్లు పిలిచారో. ఇండియన్ స్టోర్‌లో గోంగూర దగ్గర ఎదురుపడితే పిలిచారు. ఉగాది ఫంక్షన్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే వెనకనుంచి వచ్చి పిలిచారు. నాకు పాప పుట్టినప్పుడు ఫోన్ చేసి, "నీకే పాప పుట్టింది గదా, ఇంగ నిన్నేమని పిల్చాలో" అని నవ్వి, మళ్ళీ పిలిచారు. ప్రతిసారీ సైటు పని, చంటిపిల్ల, మంచు. మా దగ్గర సాకులకేం కరువు. అక్టోబరులో చివరి ఫోన్. గొంతు సన్నబడింది, దగ్గుతున్నారు. జలుబేమో అనుకున్నాను. "మంచు పడకముందే రా పాపా" అన్నారు. ఈ సైటు అయిపోగానే వస్తానన్నాను. అప్పటికి రిపోర్టులన్నీ ఆమె చేతికి వచ్చేశాయని నాకు తెలియదు. తెలిస్తే వెళ్ళేదాన్నా? వెళ్ళేదాన్ననే అనుకోవాలనుంది.

ఫ్యూనరల్ హోమ్‌లో వెనక వరుసలో నిలబడి వచ్చేశాను. ఆదివారం రిచ్‌మండ్ హిల్ వెళ్ళాను. గుమ్మం లోపల బూట్ల కుప్ప, ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలు, టీ కప్పులు. మేడమ్ భర్తను నేను అంకుల్ అంటాను. మాటలు తక్కువ మనిషి. నన్ను చూడగానే లేచి, "వచ్చినావా" అన్నారు. బేస్‌మెంట్ మెట్ల వైపు నడిచారు, నేను వెనకాల వెళ్ళాను.

కింద ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన, ట్యూబ్‌లైటు కింద, గోడకు రెండు ఊరగాయ జాడీలంత సీసాలు వేలాడుతున్నాయి. సెలైన్ ఎక్కించే ట్యూబుల్లాంటివి రెండు. వాటి కింద మూరెడు గాజు గొట్టం, నిండా ఇసుక. ఇసుక మధ్యలో పైనుంచి కిందిదాకా తెల్లటి చార, బొటనవేలంత మందాన. పక్క షెల్ఫులో వంటసోడా ప్యాకెట్లు, డ్రైవ్‌వేలో మంచు కరగడానికి చల్లే కాల్షియం ఉప్పు డబ్బా. రెండు రకాల నీళ్ళూ వాటితోనే. ముందు కుంటి స్టూలు. ల్యాబ్‌లో పారేస్తుంటే తెచ్చుకున్నారట.

గొట్టం చివర నుంచి ఒక చుక్క గిన్నెలో పడింది. చాలాసేపటికి ఇంకోటి పడింది.

"తొమ్మిదేండ్లు" అన్నారు అంకుల్. "ల్యాబ్‌లో అది పోయిన వారానికే ఈడ పెట్టింది. ఆదివారం ఆదివారం నీళ్ళు పోయడం. కడపకు పోయినా నాకు చెప్పి పోయేది. ఆసుపత్రిలో కూడా అదే అడిగింది, పోసినావా అని."

గొట్టం మీద, తెల్లచారకు సరిగ్గా ఎదురుగా, కాగితం టేపు. అంచులు పసుపుపచ్చగా మారాయి, మార్కర్ రంగు వెలిసింది. ఎన్నేళ్ళ కిందో అంటించింది. ఆమె అక్షరాలు.

"పాపా, దీన్ని కడగాకు."

నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది, ఆమె ఆ మూడు మాటలు రాస్తూ తనలో తాను ముసిముసిగా నవ్వుకోవడం కనిపించింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. నన్ను తిట్టడానికి పిలవలేదు. ఆ చీటీ చూపించి నన్ను నవ్వించడానికి పిలిచారు. తొమ్మిదేళ్ళుగా నేను భయపడి పారిపోయింది ఈ మనిషి నుంచి.

అంకుల్ షెల్ఫు మీంచి ఒక నోట్‌బుక్ తీసిచ్చారు. ప్రతి ఆదివారం తేదీ, నిమిషానికి ఎన్ని చుక్కలు, అంతే. మొదటి పేజీల్లో ముప్పై, ముప్పై ఒకటి. తర్వాత తగ్గుతూ వచ్చి పది, ఆరు, నాలుగు. మూడేళ్ళుగా ప్రతి వారం మూడు. మూడు దగ్గర ఆగింది, ఇక తగ్గలేదు. చివరి పేజీల్లో అక్షరాలు అంకుల్‌వి, అక్కడా మూడే. నీళ్ళు ఒక సన్న దారి ఉంచుకున్నాయి. మేడమ్ చెప్పిందే నిజం.

"మూడేండ్ల కిందనే అన్యాను, తేలిపాయె గదా, ఇంగ ఆపి కోసి చూపీ మీ ప్రొఫెసర్‌కు అని" అన్నారు అంకుల్. "వద్దనింది. ఆ పిల్ల రావాల, ఆ పిల్ల చేత్తోనే ఆపిస్తా, ఇద్దరం కలిసి రాస్తాం అనింది. ఆ సంగతి మనసులో పెట్టుకుని తిరుగుతాంది ఆ పిల్ల, అది పోవాల అనింది."

మొదటిసారి యాసిడ్ పోసి ఆమె పేపర్ పోగొట్టాను. రెండోసారి పావుగంట దూరం వెళ్ళకుండా పోగొట్టాను. మొదటిదానికి తెలియలేదని చెప్పుకోవచ్చు. రెండోదానికి నా దగ్గర ఏ మాటా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో చిన్నప్పటినుంచీ విన్నాను, ఇప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. ఆయనా రిటైరయ్యారు. యాసిడ్ పోసింది నేనని, ఆమె కాదని, ఆయన ఎదురుగా నోరు మూసుకుని నిలబడ్డానని చెప్పాను. చెప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టిన మాట ఒక్క నిమిషంలో అయిపోయింది. ఇరవై ఏళ్ళలో ఒక్క వాల్వు తప్పు తిప్పని మనిషి ఆమె, ఆయన ఆ మాట ఆ రోజే నమ్మలేదట, కానీ ఆమె చెప్పాలనుకున్నది అదే కాబట్టి వదిలేశానన్నారు. బేస్‌మెంట్‌లో గొట్టం సంగతి చెప్పాను. నీళ్ళు ఇంకా వస్తున్నాయా అని అడిగారు. వస్తున్నాయన్నాను. అయితే నా లెక్కే తప్పు, ఆమెదే కరెక్టు అన్నారు. నోట్‌బుక్ తీసుకురమ్మన్నారు. గొట్టం ఆపి, కోసి, లోపల ఆ సన్నదారి ఎక్కడుందో చూడాలి, ఆమె పేరే ముందు వేద్దామన్నారు.

పేరు వస్తుంది. కాపీ కడపకు పంపుతాను. దాన్ని కళ్ళజోడు సవరించుకుని చూసుకోవడానికి మేడమే లేరు. ఎవరైనా మిమ్మల్ని ఇంటికి రమ్మని పిలిస్తే వెళ్ళండి. ఇంతకంటే పెద్ద మాట చెప్పే అర్హత నాకు లేదు.

గొట్టం ఆపాలన్న మాట అంకుల్‌కి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన తల ఊపారు. అయితే పోసిన నీళ్ళు పోసినంతవరకు పోనీ, కొత్తగా పోయొద్దు, అయిపోవచ్చినప్పుడు ఆపుదాం అన్నారు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. ఇద్దరం కింద కూర్చునేవాళ్ళం, ఆయన కుర్చీలో, నేను కుంటి స్టూలు మీద. ఆయన వాచీ చూసి చుక్కలు లెక్కపెట్టేవారు, నేను నోట్‌బుక్‌లో మూడు అని రాసేదాన్ని.

నిన్న సాయంత్రానికి సీసాల్లో వేలెడు నీళ్ళు మిగిలాయి. ఇంకాస్త ఆగితే ఇసుకలోకి గాలి పోతుంది. ఇసుకను ఎండనివ్వకూడదు. నా గాజులు తీసి పక్కన పెట్టి, క్లాంపు మీద చెయ్యి వేశాను.

"ఆపనా అంకుల్?" అన్నాను.

ఆయన చూపు గొట్టం చివర మీదే ఉంది.

"ఇంగొక్కటి పడనీ పాపా" అన్నారు.

సరేనన్నాను. గొట్టం చివర నీరు సన్నగా ఊరి, మెల్లగా బొట్టయి, ట్యూబ్‌లైటు వెలుతురులో తళుక్కుమంటూ అక్కడే వేలాడింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.